ఒకటో తరగతి పిల్లలకు చిన్న కథ: లత, ఆకలేసిన కుక్కపిల్ల. మీ సలహాలు కావాలి

పలకాబలపం
అందరికీ నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు చూస్తాను. మా ఒకటో తరగతి పిల్లలకు గుణింతాలు దాదాపు వచ్చేశాయి. ఒత్తులు ఇంకా మొదలుపెట్టలేదు. ఇప్పుడు వాళ్ల చేతికి ఇవ్వడానికి పుస్తకం దొరకడం లేదు. లైబ్రరీ మూలలో ఉన్నవన్నీ పెద్ద కథలు, లేకపోతే అక్షరాల బొమ్మల పుస్తకాలు. మధ్యలో ఏమీ లేదు. అందుకని నేనే ఒకటి రాశాను. పేజీకి ఒక్క లైను, దాని పైన బొమ్మ. ఏ4 కాగితాలు మడిచి పిన్ను కొడితే పుస్తకం.

1. లత బడి నుంచి వస్తోంది.
2. దారిలో కుక్కపిల్ల కనిపించింది.
3. కుక్కపిల్ల కుయ్ కుయ్ అంది.
4. అయ్యో, దానికి ఆకలి!
5. లత కుక్కపిల్లను ఎత్తుకుంది.
6. ఇంటికి తెచ్చి గిన్నెలో పాలు పోసింది.
7. కుక్కపిల్ల గటగటా తాగింది.
8. లత చేయి నాకింది. తోక ఊపింది.
9. ఇక ఆ కుక్కపిల్ల లతదే!

మొహమాటం లేకుండా చెప్పండి.

డాలస్ అమ్మ
చాలా ముద్దుగా ఉందండీ! మా అమ్మాయికి ఏడేళ్లు, ఇక్కడ అమెరికాలో తెలుగు నేర్పే మనబడికి వెళ్తుంది. ఇప్పుడే చదివించి చూశాను. ‘లత బడి నుంచి’ వరకు బాగా చదివింది. ‘వస్తోంది’ దగ్గర ఆగిపోయింది. ‘వ... స... కింద ఏదో ఉంది మమ్మీ’ అంది. ఆ తర్వాత పేజీలో ‘కుక్కపిల్ల’ చూసి బొమ్మ ఏదని అడిగింది. కథ మీద ఆసక్తి ఉంది, అక్షరాల మీద టెన్షన్ ఉంది.

నెల్లూరు ప్యాసింజర్
మాస్టారూ, ఒత్తులు రాని పిల్లల కోసం అన్నారు. మీ తొమ్మిది పేజీల్లో ఒత్తు లేని పేజీ ఎనిమిదోది ఒక్కటే. ‘లత చేయి నాకింది. తోక ఊపింది.’ మిగతా అన్నిట్లో ఎక్కడో ఒకచోట తగులుతోంది. మీ తప్పేం కాదు లెండి. ‘కుక్కపిల్ల’ అంటేనే రెండు ఒత్తులు. కథానాయకుడి పేరే చదవలేకపోతే పిల్లవాడు కథలోకి ఎలా వెళ్తాడు?

పాత బడి పంతులు
నాది కొంచెం వేరే అభిప్రాయం. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, చెల్లి, తమ్ముడు, అన్నం, పప్పు, నెయ్యి. మన ఇంట్లో పిల్లవాడి చుట్టూ తిరిగే మాటలన్నిటికీ ఒత్తులే. తెలుగు అలాంటి భాష. ఒత్తు తీసేసి రాయాలని పట్టుబడితే చివరికి ‘తల, వల, పలక, కల’ మిగులుతాయి. అవి చదివి ఏ పిల్లవాడూ నవ్వగా నేను చూడలేదు. ‘అమ్మ’ అనే మాటను పిల్లలు మ కింద మ అని కూడబలుక్కోరు, మొత్తం బొమ్మలా గుర్తుపడతారు. ‘కుక్క’ కూడా అంతే. రెండుసార్లు చెబితే మూడోసారి వాళ్లే చదువుతారు.

పలకాబలపం
పంతులు గారూ, మీరన్నది నిజమే. ఒకటో రెండో మాటలైతే గుర్తుపడతారు. పేజీకి రెండేసి అయితే మాత్రం ఊహించడం మొదలుపెడతారు. బొమ్మ చూసి లైను అప్పజెప్పేస్తారు, మనకేమో చదివినట్టే అనిపిస్తుంది. అదే నా భయం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో ఒకటో తరగతికి పెట్టిన లక్ష్యం ఏమిటంటే, నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలను, అంతకుముందు చూడని పాఠంలోంచి చదవగలగాలి. ‘చూడని పాఠం’ అన్నది ముఖ్యం. పాఠ్యపుస్తకం మా పిల్లలకు కంఠతా వచ్చు. కొత్త పేజీ ఇస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పశువుల డాక్టర్, కరీంనగర్
చదువు సంగతి మీరు చూసుకోండి, కుక్కపిల్ల సంగతి నేను చెప్త. మూడు పేజీలు నాకు ఇబ్బందిగా ఉన్నయి.

ఒకటి, పాలు. తెలుగు ఇళ్లల్ల కుక్కపిల్ల కనిపించంగనే గిన్నెల పాలు పోస్తరు. ఆవుపాలల్ల, బర్రెపాలల్ల ఉండే లాక్టోజ్ అనే చక్కెర చాలా కుక్కపిల్లలకు అరగదు. ఆకలితో ఉన్నది కాబట్టి గటగటా తాగుతది, కొద్దిసేపటికే విరేచనాలు పట్టుకుంటయి. అప్పటికే నీరసంగా ఉన్న చిన్న ప్రాణి, ఒంట్ల నీళ్లు పోయి మరింత పాడైతది. పెరుగైతే నయం. పాలు తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతది. పెరుగులో మెత్తగా పిసికిన అన్నం, ఉప్పు లేకుండా, కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు పెట్టాలె. ఒకేసారి కడుపు నిండా పెట్టొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషమే. ఉడికిన కోడి బొక్కలు చీలి గొంతుల, పేగుల గుచ్చుకుంటయి.

రెండు, ఎత్తుకోవడం. వీధి కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండొచ్చు. చిన్నగా, ముద్దుగా ఉన్నదని మనం పట్టించుకోం. నాకడం ఇంకో సమస్య. మంచిగున్న చర్మం మీద నాకితే ఫికర్ లేదు. గీత గీరుకున్న చోట, పుండు మీద నాకితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల అది మూడో కేటగిరీ, రక్తం వచ్చేటట్టు కరిచినదాంతో సమానం. ఒకటో తరగతి పిల్లల మోకాళ్లు, మోచేతులు ఎట్లుంటయో మీకు తెలుసు.

మూడు, ‘ఇక ఆ కుక్కపిల్ల లతదే’. తల్లి ఎక్కడ? కుక్కపిల్ల రెండు వారాలకు కండ్లు తెరుస్తది. మూడు, నాలుగు వారాలకు పాలపండ్లు వస్తయి, మెత్తటి తిండి అప్పుడే మొదలైతది. ఎనిమిది వారాలు వచ్చేదాక తల్లి దగ్గర ఉండాలె. తల్లి ఎక్కువసార్లు తిండి కోసం పోయి ఉంటది, అంతే. మనం ‘అనాథ’ అనుకొని తెచ్చేస్తం. తల్లి వచ్చి వెతుక్కుంటది. పిల్లను ఎత్తుకుంటుంటే తల్లి చూసిందనుకోండి, మీదికే వస్తది. మా చెవిన పడే చిన్నపిల్లల కాట్లల్ల ఇట్లాంటివి ఉంటయి.

ఇంకో మాట, బొమ్మ గీసేవాళ్లకు. ఆకలి కుక్కపిల్ల అనంగనే పొట్ట లోపలికి పోయినట్టు గీస్తరు. నిజంగా వీధిల చూస్తే పక్కటెముకలు కనిపిస్తయి గాని పొట్ట గుండ్రంగ ఉబ్బి ఉంటది. కడుపు నిండి కాదు, నులిపురుగులతోటి.

కాకినాడ కాజా
డాక్టరు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ ఇది ఆరేళ్ల పిల్లల కథ! ప్రతి కథలోనూ రేబిస్, పురుగులు, మూడో కేటగిరీ అంటే వాళ్లలో భయం తప్ప జాలి మిగలదు. మేమంతా కుక్కపిల్లల్ని చంకన వేసుకునే పెరిగాం. వీధిలో అందరూ రాళ్లేసే కాలంలో ఒక పిల్ల ఆగి గిన్నెలో ఏదో పోసింది అంటే అది చాలదా?

పశువుల డాక్టర్, కరీంనగర్
అక్కా, కథల రేబిస్ అనే మాటే రానక్కర్లేదు. లత ఏం చేస్తదో అది చూపిస్తే చాలు. బొమ్మల లత కుక్కపిల్లను చంకన వేసుకుంటే, రేపు ఆ పుస్తకం చదివిన పిల్ల కూడా అదే చేస్తది. తిండి కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగితే, పిల్ల అది చేస్తది. జాలి ఎక్కడికీ పోదు.

ఇది చదివే పెద్దవాళ్ల కోసం మాత్రం చెప్తున్న. కరిచినా, గీరినా కారం, సున్నం, పసుపు ఏదీ రాయొద్దు. నల్లా కింద సబ్బుతోటి 15 నిమిషాలు కడగాలె, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలె. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్ల, కండరంలోకి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్ల. మొదటి సూది వేసిన రోజే సున్నా. గాయం మూడో కేటగిరీ అయితే దాంతోపాటు వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు కూడా. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తరని భయపడి ఇప్పటికీ కొందరు కాటును దాచిపెడుతున్నరు. ఆ పాత టీకా మన దేశంల 2005 నాటికే ఆగిపోయింది.

విజయనగరం వీధి
దాచిపెట్టడం అంటే పిల్లలే దాచేస్తారండి. ‘కుక్క దగ్గరికి ఎందుకెళ్లావు’ అని వీపు మీద రెండు పడతాయని. మా మేనల్లుడు కాలి మీద గీత మూడు రోజులు సాక్సులో దాచాడు. స్నానం చేయిస్తుంటే మా వదిన చూసింది. వెంటనే సూదులు వేయించాం, బాగానే ఉన్నాడు. అందుకే కథలో ఒక పెద్దవాళ్లు ఉంటే బాగుంటుంది. లత పరిగెత్తుకెళ్లి చెబితే తిట్టని మనిషి.

నెల్లూరు ప్యాసింజర్
ఆగండాగండి. డాక్టరు గారు పెరుగు అన్నారు. పె, రు, గు. ఒక్క ఒత్తు లేదు! అన్నంలో ఒత్తుంది కానీ ‘మెతుకులు’లో లేదు. గిన్నెలో ఒత్తుంది, ‘ఆకు’లో లేదు. పెద్దవాళ్లు కావాలన్నారు. అమ్మ, నాన్న, అవ్వ, పిన్ని కుదరరు. ‘తాత’ కుదురుతాడు. పెరుగు మెతుకులు కలిపే తాత, ఆకులో పెట్టే లత. కుక్కపిల్ల కడుపుకీ మంచిది, పిల్లల నాలుకకీ మంచిది.

ఇంకో చిక్కు క్రియలతో ఉంది. వచ్చింది, ఇచ్చింది, పెట్టింది, తెచ్చింది, ఎత్తింది, తిన్నది, అన్నీ ఒత్తులే. పోయింది, ఆగింది, చూసింది, వేసింది, ఉంచింది, జరిగింది, నడిచింది, నాకింది, ఊపింది, వీటికి లేవు. మా వైపు ‘తినింది’ అంటాం. అది పెట్టేస్తే ఆ సమస్యా తీరిపోతుంది (పంతులు గారు కొట్టకండి).

పాత బడి పంతులు
కొట్టను నాయనా. ‘తినింది’ నెల్లూరు, రాయలసీమల్లో నిఖార్సైన మాటే. కానీ ఈ పుస్తకం పశ్చిమ గోదావరి పిల్లలకు. అక్కడ పిల్లవాడు బడి పుస్తకంలో ‘తిన్నది’ అని చూస్తాడు. చదవడం నేర్చుకునే వేళ చెవికి అలవాటు లేని మాట పెడితే అక్షరాలు సరిగ్గా చదివి కూడా ‘తప్పు చదివానేమో’ అని మన మొహం చూస్తాడు. కుక్కపిల్ల ఎలాగూ పెరుగన్నం నాకుతుంది కదా. ‘నాకింది’ చాలు.

ఈ పెరుగు, ఆకు, తాత సంగతి మాత్రం నాకు నచ్చింది. ఇలా కుదిరితే నా అభ్యంతరం సగం పోయినట్టే. మరి ‘కుక్కపిల్ల’ను ఏం చేస్తారు?

విజయనగరం వీధి
కూన! మా నాయనమ్మ ఎప్పుడూ ‘కుక్కకూన’ అనేది.

డాలస్ అమ్మ
మా అమ్మాయికి కూన అంటే పులికూన ఒక్కటే తెలుసు. పుస్తకం తెరవగానే పులి వస్తుందని చూస్తుంది :)

పలకాబలపం
బొమ్మలో కుక్కపిల్ల ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదనుకుంటున్నాను. అట్ట మీద బొమ్మ చూపించి ‘ఇది కుక్కకూన, మనం కూన అందాం’ అని నేను నోటితో చెబుతాను, ఆ తర్వాత పుస్తకం వాళ్ల చేతికి ఇస్తాను. ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి నాలుగో పేజీకల్లా అలవాటైపోతుంది.

ఫ్లాట్ నంబర్ 402
అసలు ఇలాంటి కథల వల్లే కాలనీల్లో ఈ పరిస్థితి. తిండి పెట్టేది ఒకరు, కాటు తినేది ఇంకొకరు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గరే పడేస్తారు. పిల్లలు బయటికి రావాలంటే భయం. మీరు దానికి పాఠాలు చెబుతున్నారు.

కాకినాడ కాజా
కుక్కలకు కుటుంబ నియంత్రణ చేయించాల్సిన మున్సిపాలిటీని అడగండి సార్, ఆరేళ్ల లతను కాదు.

చావడి పెద్ద (నిర్వాహకులు)
వీధికుక్కల మీద వాదనకు వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ కథ గురించే మాట్లాడదాం. 402 గారు చెప్పిన దాంట్లో కథకు పనికొచ్చేది ఒకటుంది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో తిండి పెట్టే చోటు గురించి రాశారు. రాకపోకలు ఎక్కువగా ఉండే గుమ్మాలు, మెట్లు కాకుండా, పిల్లలూ ముసలివాళ్లూ ఎక్కువ తిరగని చోట పెట్టాలని ఉంది. మాస్టారు బొమ్మల్లో బడి గేటు ముందు, ఇంటి గుమ్మంలో కాకుండా గోడ పక్కన చూపిస్తే సరిపోతుంది.

గీతల గంగ
బొమ్మలు నేను గీస్తాను మాస్టారూ, డబ్బులేం వద్దు. నలుపు తెలుపులోనే గీస్తాను, జిరాక్స్‌లో బాగా వస్తాయి, పిల్లలు రంగులు వేసుకుంటారు. డాక్టరు గారు చెప్పిన గుండ్రటి పొట్ట, పక్కటెముకలు గుర్తు పెట్టుకున్నాను. లత మోకాలి మీద ఒక ప్లాస్టర్ కూడా వేస్తాను.

అక్షరాల విషయంలో ఒక్క మాట. అలంకారం ఎక్కువగా ఉండే ఫాంట్లు వద్దు. తలకట్టు, గుడి, కొమ్ము విడివిడిగా కనబడాలి. ‘మండలి’ పెద్ద సైజులో పెట్టి చూడండి, ఉచితంగా దొరుకుతుంది. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ బాగా వదలండి. ఇప్పుడు ఒత్తులు లేకపోయినా కొమ్ములు కిందికి దిగుతాయి కదా. మాట మధ్యలో లైను విరగకూడదు. ‘మెతుకు’ పైన, ‘లు’ కింద పడితే పిల్లవాడి పని అయిపోయినట్టే.

పలకాబలపం
అందరూ చెప్పినవి కలిపి మళ్లీ రాశాను. చూడండి.

1. బడి గంట మోగింది.
2. లత ఇంటికి పోతోంది.
3. దారిలో ఒక కూన. కుయి! కుయి!
4. లత నడిచింది. కూన నడిచింది.
5. లత ఆగింది. కూన ఆగింది.
6. ‘తాతా! తాతా! కూనకి ఆకలి!’
7. తాత పెరుగు కలిపాడు. ఆకులో మెతుకులు వేశాడు.
8. లత ఆకును గోడ పక...

ఎనిమిదో పేజీలో ఆగిపోయాను. ‘పక్కన’లో ఒత్తు వచ్చేసింది. చివర తల్లి దగ్గరికి వెళ్లాలని డాక్టరు గారు అన్నారు. ‘తల్లి’లోనూ ఒత్తుంది. ‘కుయ్’ని ‘కుయి’ చేయడం మీకు ఓకేనా?

నెల్లూరు ప్యాసింజర్
‘కుయి’ ఓకే, పలికితే అదే వస్తుంది. ఎనిమిదికి ‘లత ఆకును గోడ చాటున ఉంచింది. దూరం జరిగింది.’ గోడ సంగతి, దూరం సంగతి రెండూ వచ్చేశాయి. నాలుగు, ఐదు పేజీలు అదిరాయి. నడిచింది నడిచింది, ఆగింది ఆగింది అని పిల్లలు ఆట ఆడతారు.

విజయనగరం వీధి
ఆకు పెట్టగానే తినదండి కూన. ముందు అటూ ఇటూ చూస్తుంది, వాసన చూస్తుంది. ఒక పేజీ దానికి వదలండి. ‘కూన వాసన చూసింది.’ అంతే. తింటుందా తినదా అని పేజీ తిప్పాలి.

పాత బడి పంతులు
తల్లి దగ్గర నా మాట వినండి. మీరు ఒత్తు లేకుండా పుస్తకమంతా రాశారు, సంతోషం. చివరి పేజీలో ఒక్క ఒత్తు పెట్టండి. ‘అదిగో, అమ్మ!’ అని. బొమ్మలో గోడ పక్కనుంచి తల్లి కుక్క వస్తుంటుంది, కూన దాని వైపు పరిగెడుతుంటుంది. ‘అమ్మ’ చదవలేని పిల్లవాడు మీ తరగతిలో ఉన్నాడేమో చెప్పండి. మర్నాడు ఒత్తుల పాఠం ఆ మాటతోనే మొదలుపెట్టొచ్చు. ‘మ కింద ఉన్నదేమిటి?’ అని వాళ్లనే అడగండి.

కాకినాడ కాజా
పంతులు గారూ, దండం! ఇప్పుడు నాకూ నచ్చింది. లత కూనను తెచ్చుకోలేదని ముందు కొంచెం బాధేసింది గానీ, అమ్మ వచ్చిందంటే ఇంకేం కావాలి.

పశువుల డాక్టర్, కరీంనగర్
మంచిగుంది సార్. ఒక్కటే. తల్లి వచ్చే బొమ్మల లత, తాత ఇద్దరూ దూరంగా ఉండాలె, తల్లికీ కూనకూ మధ్యల వాళ్లు రావొద్దు. తాత చెయ్యి లత భుజం మీద ఉంటే ఇంకా మంచిది.

గీతల గంగ
అలాగే గీస్తాను. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉంటారు.

పలకాబలపం
ఇదిగో చివరిది.

1. బడి గంట మోగింది.
2. లత ఇంటికి పోతోంది.
3. దారిలో ఒక కూన. కుయి! కుయి!
4. లత నడిచింది. కూన నడిచింది.
5. లత ఆగింది. కూన ఆగింది.
6. ‘తాతా! తాతా! కూనకి ఆకలి!’
7. తాత పెరుగు కలిపాడు. ఆకులో మెతుకులు వేశాడు.
8. లత ఆకును గోడ చాటున ఉంచింది. దూరం జరిగింది.
9. కూన వాసన చూసింది.
10. గబగబా నాకింది. ఆకులో ఏమీ లేదు!
11. కూన తోక ఊపింది. ఊపింది. ఊపింది.
12. అదిగో, అమ్మ!

పన్నెండు పేజీలు, మూడు ఏ4 కాగితాలు మధ్యకి మడిస్తే సరిగ్గా సరిపోతాయి. అట్టకు ఇంకొకటి. ఏడు, ఎనిమిది పేజీలు కొంచెం బరువుగా ఉన్నాయి, వాటిని రెండు లైన్లుగా విడగొట్టి పెడతాను.

డాలస్ అమ్మ
మా అమ్మాయి ఒక్కతే కూర్చుని మొత్తం చదివేసింది! ‘మెతుకులు’ దగ్గర ఆగి అర్థం అడిగింది, కానీ చదవడం సరిగ్గానే చదివింది. ఇక్కడ వీధుల్లో కుక్కపిల్లలు తిరగవు కదా, ‘ఈ డాగీకి కాలర్ ఎందుకు లేదు, దాని ఇల్లెక్కడ’ అని ఒకటే ప్రశ్నలు. మళ్లీ ఇండియా వచ్చినప్పుడు తాతయ్యతో పెరుగు కలిపిస్తుందట. మా నాన్నకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, పాలు పోయొద్దని కూడా.

ఫ్లాట్ నంబర్ 402
కథ బాగుంది. లిఫ్టు దగ్గర కాకుండా గోడ చాటున అని రాసినందుకు థాంక్స్. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టొచ్చా?

పలకాబలపం
నిరభ్యంతరంగా పెట్టండి. గంగ గారి బొమ్మలు వచ్చాక పీడీఎఫ్ ఇక్కడే పెడతాను. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో కూడా ఎక్కిద్దామని ఉంది. అక్కడ ఎవరైనా ఉచితంగా ప్రింటు తీసుకోవచ్చు, వేరే భాషల్లోకి మార్చుకోవచ్చు. అయితే వేరే భాషలోకి వెళ్తే ఈ ఒత్తుల గొడవ వాళ్లకు ఎలా ఉంటుందో మరి.

నెల్లూరు ప్యాసింజర్
కన్నడం వాళ్లకు మన కష్టమే. అది వాళ్లు చూసుకుంటారు గానీ, మాస్టారూ, రెండో పుస్తకం పిల్లి మీద మాత్రం మొదలుపెట్టకండి. కాకి ఖాళీగానే ఉంది.